మెరుపక్క చేసిన ఫోను

నా చేతుల్లోనే మా పాపకు ఏదైనా అవుతుందేమోనని నాకు భయం. జబ్బు చేసి కాదు, ఎవరో ఏదో చేసి కాదు. నేను పక్కనే ఉండగా, నేను చేసే ఏదో ఒక చిన్న పని వల్ల. స్నానం చేయించేటప్పుడు నీళ్ళ వేడి నా చేతికి సరిగ్గా తెలియకపోవచ్చు. మందు చుక్కలు పోస్తుండగా ఫోను మోగవచ్చు. ఇంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. అలాంటిది జరిగిన క్షణంలో నాకు మొదట వచ్చే ఆలోచన పాప గురించి కాకుండా, 'ఇప్పుడు మా ఆవిడకు ఏమని చెప్పాలి' అన్నదై ఉంటుందేమోనని.

మొదటి భయం పాపతోపాటే పుట్టింది. రెండోది మాత్రం నేను పనిచేసే ల్యాబులో, ఒక మధ్యాహ్నం పూట, ఒక మనిషి ముఖం చూస్తుండగా పుట్టింది. ఆ మనిషి గురించే ఇది.

ఆవిడను అందరం మెరుపక్క అనేవాళ్ళం. మాది రక్తపరీక్షల ల్యాబు. కింద కళ్ళజోళ్ళ షాపు, మెట్లెక్కి వస్తే మేము. ముందు గదిలో రక్తం తీసే కుర్చీలు, వాటి వెనుక అద్దం గోడ, ఆ గోడకు ఇవతల మిషన్లు, మిషన్ల ముందు నేను. నేను చదివింది బయోకెమిస్ట్రీ. మిషను ఇచ్చిన అంకెలు నమ్మదగ్గవా కావా అని చూడడం నా పని. మెరుపక్క పని అద్దానికి అవతల. చెయ్యి పట్టుకోవడం, నరం వెతకడం, సూది గుచ్చడం, దూది పెట్టడం అంతా ఒకే కదలికలో అయిపోయేది. చిన్నపిల్లలు ఏడుపుకి నోరు తెరిచేలోపే పని పూర్తయ్యేది. కొందరు ఏడవడం మర్చిపోయి, గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొచ్చి, వెనక్కి తిరిగి మరీ ఏడ్చేవాళ్ళు.

ఆవిడ ఈ పనిలోకి వచ్చింది చదువు పూర్తి కాగానే. మొదట ఒక డాక్టరు దగ్గర చేరింది. ఆయనకు కోపం వస్తే చేతికందింది విసిరేవాడట. "ముందు ట్రే తప్పించుకోవడం నేర్చుకున్నాను తమ్ముడూ, ఆ తర్వాతే సూది గుచ్చడం" అని నవ్వుతూ చెప్పేది. నవ్వుతూ చెప్పేది కాబట్టి మేమూ నవ్వేవాళ్ళం. ఎవరైనా పక్కనుంచి గట్టిగా పిలిస్తే ఆవిడ భుజాలు పైకి లేచి మెడ లోపలికి పోవడం నేను చాలాసార్లు చూశాను. అది ఆ రోజుల నుంచి మిగిలిపోయిందని నాకు తట్టలేదు.

మొగుడు బస్సు నడుపుతాడు. మాట తక్కువ మనిషి. హైస్కూల్లో చదివే కూతురు, మంచం మీదున్న అత్తగారు, దగ్గర్లోనే ఆడపడుచు. వీళ్ళందరికీ, ల్యాబులో మాకందరికీ కలిపి ఆవిడ దగ్గర ఒకటే జవాబు ఉండేది: "అలాగే." సెలవు రోజున డ్యూటీకి రమ్మంటే "అలాగే సార్." ఆడపడుచు తన పిల్లల్ని వచ్చి చూసుకోమంటే "అలాగే వదినా." ఆవిడ ఫోను రోజంతా బల్లమీద పురుగులా గిలగిలా కొట్టుకుంటూ ఉండేది. కూతురి స్కూలు గ్రూపు, చుట్టాల గ్రూపు, వాళ్ళ అపార్ట్‌మెంటు గ్రూపు, మా ల్యాబు గ్రూపు. చేతి తొడుగు తీసేసి, అన్నిటికీ బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి, మళ్ళీ తొడుక్కునేది. ఎవరైనా జవాబివ్వడం ఆలస్యం చేస్తే వాళ్ళకు తన మీద కోపం వచ్చిందేమోనని ఆ పూట ముద్ద దిగేది కాదు.

అదంతా మంచితనం అనుకున్నాం. "మంచితనమూ కాదు, మట్టీ కాదు. భయం" అని తర్వాత ఆవిడే అంది.

ల్యాబు కొత్త యాజమాన్యం చేతికి వెళ్ళాక ముందు గది గోడకు పెద్ద తెర ఒకటి బిగించారు. లోపలికి వచ్చిన ప్రతి మనిషికీ, రిపోర్టు డాక్టరుకు చేరేదాకా, దానిమీద ఒక గీత. మొదట ఆకుపచ్చగా ఉంటుంది. అనుకున్న సమయం దగ్గరపడితే పసుపు, దాటితే ఎరుపు. ఎర్రబడితే మా మేనేజర్ ఫోను మోగుతుంది. ఆయన ఎత్తకపోతే ఆయన పైవాళ్ళ ఫోను. "గ్రీన్‌లో ఉంచండమ్మా, గ్రీన్‌లో ఉంచండి" అని తిరుగుతూ ఉండేవాడు కాబట్టి ఆయనకు గ్రీన్ సార్ అని పేరు పడింది. చెడ్డవాడు కాదు. జేబులో ఎప్పుడూ కడుపుమంట బిళ్ళలు ఉండేవి. ఎవరికైనా కావాలంటే ఇచ్చేవాడు కూడా.

తెర వచ్చాక మెరుపక్క ఇంకా వేగం పెంచింది. మెచ్చుకోళ్ళు వచ్చాయి. మెచ్చుకున్న కొద్దీ ఆవిడ ముఖంలో రంగు తగ్గుతూ వచ్చింది. నీళ్ళు తాగడం మానేసింది, తాగితే లేచి వెళ్ళాల్సి వస్తుందని. చూపు సగం మనిషి చేతిమీద, సగం గోడమీద. ఒకసారి మాట్లాడుతూ మాట్లాడుతూ నా వెనక్కి చూసింది. నా వెనక తెర లేదు, వట్టి గోడ. అయినా చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఇంటికి వెళ్ళాక కూడా గుర్తొచ్చింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, మెట్ల దాకా జనం ఉన్నప్పుడు, మాస్టారు వచ్చారు. స్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయిన మనిషి. కొంచెం నీరసంగా ఉంటోందని ఆయన డాక్టరు పరీక్షలు రాశాడు. కూతురు వెంట వచ్చింది. చేతులు రెండూ ఎండు పుల్లలు. మెరుపక్క ఒక చెయ్యి చూసింది, రెండోది చూసింది, మళ్ళీ మొదటిదానికి వచ్చింది.

"మాస్టారూ, మీ నరాలు నన్ను చూసి దాక్కుంటున్నాయి."

"నరాలు కావమ్మా అవి, పెన్సిలు గీతలు. గట్టిగా రుద్దితే చెరిగిపోతాయి. చూసుకో మరి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అద్దం వెనకాల నేనూ నవ్వాను.

నరం దొరికింది, సిరంజిలోకి రక్తం వచ్చింది, కానీ కొంచెమే. అంతలో నరం మూసుకుపోయింది. ఆ రక్తాన్ని రెండు ట్యూబుల్లోకి పంచాలి. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ముందే లోపల ఒక మందు పూసి ఉంటుంది. అందులో పొటాషియం ఉంటుంది, పైగా అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఎర్ర మూత ట్యూబులో అదేమీ ఉండదు. పొటాషియం, కాల్షియం లాంటివి చూసేది ఎర్ర ట్యూబులోనే. అందుకే ఊదా ట్యూబులోంచి ఎర్ర ట్యూబులోకి ఒక్క చుక్క కూడా పొయ్యకూడదు. మా పనిలో చేరిన మొదటి రోజున చెప్పే పాఠం అది.

మాస్టారి రక్తం ఊదా ట్యూబులోకి సరిపోయింది. ఎర్రదాంట్లో అడుగు తడిసిందంతే. రెండోసారి గుచ్చాలి. ఆయన గీత అప్పటికే పసుపు. లోపలి గదిలోంచి గ్రీన్ సార్ గొంతు వినపడింది: "అక్కా, ఆ చివరి గీత పసుపెక్కిందేంటి?"

మెరుపక్క భుజాలు పైకి లేచాయి. "అయిపోయింది సార్" అంది.

మాస్టారి చెయ్యి మడిచి దూది పెట్టి పంపేసింది. బల్ల వైపు తిరిగి, ఊదా మూత తీసి, ఎర్ర ట్యూబులోకి వంచింది. ఇదంతా ఆవిడ తర్వాత చెప్పగా తెలిసిందే. ఆ సమయంలో ఎవరూ చూడలేదు. తన కుర్చీ పక్కన కంప్యూటరు తెరిచే ఉంది. దాంట్లో అప్పటికి కొత్తమ్మ పేరు మీద లాగిన్ అయి ఉంది. తన పేరు పెట్టి మళ్ళీ తెరవాలంటే ఆలస్యం. మాలో ఎవరం పట్టించుకునేవాళ్ళం కాదు, ఎవరి పేరు తెరిచి ఉంటే దాంట్లోనే కొట్టేసేవాళ్ళం. మెరుపక్క కూడా అలాగే కొట్టేసి, ట్యూబులు లోపలికి పంపింది.

కొత్తమ్మ అంటే అప్పుడప్పుడే చేరిన ఒకావిడ. వయసులో మాలో చాలామంది కన్నా పెద్దదే. ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు.

మిషను మాస్టారి అంకెలు చూపించింది. పొటాషియం గుండె ఆగిపోయేంత ఎక్కువ. మా కొత్త పద్ధతిలో ఇలాంటి ప్రమాదకరమైన అంకెలు ఆలస్యం కాకూడదని, నేను చూడకముందే వాటంతటవే డాక్టరు ఫోనుకు వెళ్ళిపోతాయి. వెళ్ళిపోయాయి. ఆ తర్వాత కాల్షియం చూశాను. అంత తక్కువ కాల్షియంతో మనిషి మెట్లెక్కి రాలేడు. పెన్సిలు గీతల గురించి జోకులు వెయ్యలేడు.

అద్దం తలుపు తోసుకుని వెళ్ళాను. "అక్కా, ఆ మాస్టారి ఎర్ర ట్యూబులో ఊదా రక్తం కలిసింది. ఎవరో పోశారు."

ఆవిడ దూది తుంచుతోంది. తుంచడం ఆగింది. తల ఎత్తలేదు.

గ్రీన్ సార్ బయటికొచ్చాడు. కంప్యూటరు చూశాడు. "ఎవరు తీశారు? కొత్తమ్మ. ఏమ్మా, నీకు ట్రైనింగులో చెప్పలేదా?"

"నేనా?" కొత్తమ్మ చేతిలో, నరం తేలడానికి జబ్బకు బిగించే పట్టీ అలాగే ఉంది. "నేను ఆయన్ని ముట్టుకోనైనా లేదు సార్! ఆ పక్క కుర్చీలో లావుపాటావిడకి నరం వెతికేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది."

"లాగిన్ నీదే కదా?"

"లాగిన్ నాదైతే? తలుపు తీసుందని లోపలికొచ్చిన ప్రతివాడూ నా మొగుడైపోతాడా?"

మామూలుగా అయితే పగలబడి నవ్వేవాళ్ళం. ఎవరూ నవ్వలేదు. కొత్తమ్మ అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. నవ్వు రాకపోవడం చూసి అప్పుడు భయపడింది.

"సార్, అది తర్వాత" అన్నాను. "డాక్టరుకి రిపోర్టు వెళ్ళిపోయింది. ఆయన్ని హాస్పిటల్లో చేరుస్తారు. పొటాషియం దించడానికి ఇన్సులిన్ ఎక్కిస్తారు. లేని రోగానికి మందు ఇస్తే షుగరు పడిపోయి..."

"డాక్టర్లు అంత గుడ్డిగా ఇవ్వరు. గుండె గ్రాఫ్ తీస్తారు, చూసుకుంటారు." గ్రీన్ సార్ బిళ్ళ ఒకటి నోట్లో వేసుకున్నాడు. "ఎవరూ ఫోన్ చెయ్యొద్దు. ఫోన్ చేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. నేను పైవాళ్ళతో మాట్లాడతాను. రేపు పొద్దున మళ్ళీ రక్తం తీయించి సవరించిన రిపోర్టు పంపుదాం. అక్కా, మీరు లైను కానివ్వండి."

"అలాగే సార్" అంది మెరుపక్క.

ఆ మాట ఆవిడ కన్నా ముందే ఆవిడ నోట్లోంచి బయటికి వచ్చేసింది. నేను ఆవిడ ముఖం చూస్తున్నాను. అప్పుడర్థమైంది, ఆ పని చేసింది తనేనని. ఇంకొకటి కూడా అర్థమైంది. ఆ ముఖంలో మాస్టారు లేరు. ట్రే విసిరే డాక్టరు ఉన్నాడు, ఉద్యోగం ఉంది, ఆడపడుచు ఏమంటుందో ఉంది, ఇంట్లో ఏం చెప్పాలో ఉంది. దెబ్బ ఎవరికి తగులుతోందో ఆ మనిషి తప్ప అన్నీ ఉన్నాయి. ఆ స్థానంలో నేనుంటే నా ముఖం కూడా అలాగే ఉంటుందని అనిపించింది. నా రెండో భయం పుట్టింది అక్కడే.

అప్పుడు గోడమీద తెర మారింది. రిపోర్టు చేరింది కాబట్టి మాస్టారి గీత పసుపులోంచి ఆకుపచ్చలోకి తిరిగింది. పని సక్రమంగా పూర్తయిందన్నమాట.

మెరుపక్క దానివైపు చూసింది. చాలాసేపు చూసిందనిపించింది, కానీ ఎంతోసేపు అయి ఉండదు. చేతి తొడుగులు తీసి డబ్బాలో పడేసింది.

"తమ్ముడూ, మాస్టారి వాళ్ళమ్మాయి నంబరు చెప్పు."

చెప్పాను. ఫోను మోగింది, ఎవరూ ఎత్తలేదు. డాక్టరు క్లినిక్‌కి చేసింది, లైను కలవడానికే చాలాసేపు పట్టింది. ఆయన వేరే పేషెంటుతో ఉన్నాడని, మాస్టార్ని అప్పుడే హాస్పిటల్‌కి పంపేశామని అక్కడి అమ్మాయి చెప్పింది. హాస్పిటల్‌కి చేసింది. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని ఒక ఆడగొంతు చెప్పి, సంగీతం వేసింది. ఆ సంగీతం ఎంతసేపటికీ ఆగకుండా, ఫోనులోంచి మా గదంతా సన్నగా వినపడుతోంది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు మాటలు ఆపేశారు. ఏం జరుగుతోందో తెలియకపోయినా, ఏదో జరుగుతోందని వాళ్ళకు తెలిసిపోయింది.

గ్రీన్ సార్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పెట్టెయ్యండక్కా. ఆలోచించండి. దీన్లో మీ పేరే లేదు."

"పేరు లేదనే సార్ నాకు భయంగా ఉంది."

ఆయన ఏదో అనబోయాడు. సంగీతం ఆగింది. మెరుపక్క నిటారుగా అయింది. అంత నిదానంగా ఆవిడ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"ల్యాబు నుంచి మాట్లాడుతున్నానండీ. ఇప్పుడే ఒక పెద్దాయన్ని పొటాషియం ఎక్కువని తీసుకొచ్చుంటారు. ఆ రిపోర్టు తప్పు. రెండు ట్యూబుల రక్తం కలిసిపోయింది. కలిపింది నేనే. ఆయన అసలు పొటాషియం ఎంతో మాకు తెలీదు. దించే మందు ఇవ్వకండి. మళ్ళీ రక్తం తీసి చూడండి."

అవతలి మనిషి ఏదో అడిగాడు.

"మొదలెట్టేశారా?" అంది మెరుపక్క. కళ్ళు మూసుకుంది. "అయితే ఆపండి. షుగరు చూడండి. ఉంటాను, లైన్లోనే ఉంటాను."

కూర్చోలేదు. కొత్తమ్మ కుర్చీ లాగి వెనక పెట్టినా కూర్చోలేదు. ఫోను చెవికి అంటించుకుని కిటికీలోంచి ఎదుటి గోడ చూస్తూ నిలబడింది. గోడమీద గీతలు ఒకటి తర్వాత ఒకటి ఎర్రబడ్డాయి. గ్రీన్ సార్ ఫోను మోగుతోంది. ఆయన ఎత్తలేదు.

ఎంతసేపటికో అవతలి నుంచి మాట వచ్చింది. షుగరు బాగా పడిపోయింది. చెమటలు పట్టి పిలిస్తే పలకలేదు. ఇప్పుడు గ్లూకోజు ఎక్కిస్తున్నారు. ఇంకా పలకలేదు. మళ్ళీ చేస్తామని పెట్టేశారు.

"బతుకుతాడా అక్కా?" అంది కొత్తమ్మ.

"తెలీదు" అంది మెరుపక్క. ఆ తర్వాత కొత్తమ్మ వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "ఆ పని చేసింది నేను. నీ పేరు మీద కొట్టింది కూడా నేనే. ఎవరడిగినా ఇదే చెప్పు" అంది.

కొత్తమ్మ వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తెచ్చి మెరుపక్క పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున మాస్టారి కూతురు ల్యాబుకి వచ్చింది. అసలు పొటాషియం మామూలుగానే ఉందట. తెల్లవారాక కళ్ళు తెరిచారట. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. "నాన్న నన్ను గుర్తుపట్టారు. నా పేరు చెప్పడానికి మాత్రం వెతుక్కున్నారు. ఎవరు చేశారు?" అంది.

గ్రీన్ సార్ చేతులు నలుపుకుంటూ, విచారణ జరుగుతోందనీ, కూర్చోండనీ మొదలుపెట్టాడు. మెరుపక్క ఆయన పక్కనుంచి ముందుకొచ్చింది.

"నేనేనమ్మా."

"ఎందుకు?"

"మళ్ళీ గుచ్చడానికి ఆలస్యమైతే నన్ను ఏమైనా అంటారని."

ఆ కూతురు ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూసింది. పనెక్కువనో, జనం ఎక్కువనో, పైవాళ్ళ ఒత్తిడనో. అవన్నీ నిజాలే. మెరుపక్క ఒక్కటీ చెప్పలేదు. ఏడవలేదు కూడా. ఏడిస్తే ఓదార్చే పని ఆ అమ్మాయి మీద పడుతుంది.

"ఫోన్ చేసి చెప్పావని నీకు దండం పెట్టాలా?"

"వద్దమ్మా. విషం పోసినదీ నేనే కదా."

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగింది. అందరం విన్నాం.

మెరుపక్కను ఆ వారంలోనే తీసేశారు. పోయేముందు గ్రీన్ సార్ ఆవిడకు ఒక బిళ్ళ ఇవ్వబోయాడు. "నాకొద్దు సార్, మీకే కావాలి" అని మెల్లగా ఆయన జేబులో పెట్టేసింది. లాగిన్ విషయంలో మాత్రం మా అందరికీ బుద్ధి వచ్చింది. లేచినప్పుడల్లా కొత్తమ్మ కంప్యూటరు మూసి, "ఇంటికి తాళం వేశా" అని ప్రకటించేది.

కొన్నాళ్ళకు, ఒక ఆదివారం పొద్దున, మెరుపక్క ఇంటికి వెళ్ళాను. ఇరుకు మెట్లు, చివరి అంతస్తు, పక్కింటి గోడకు తగిలేలా వంటింటి కిటికీ. లోపలి గదిలో అత్తగారి దగ్గు. కూతురు తలుపు తీసి, నన్ను కూర్చోమని చెప్పి, పుస్తకం తీసుకుని పక్కకు వెళ్ళింది. మెరుపక్క టీ పెట్టింది. సన్నబడింది. ఫోను బల్లమీద బోర్లా ఉంది. అది గిలగిలలాడినా ఆవిడ చెయ్యి అటు వెళ్ళలేదు. చూపు మాత్రం వెళ్ళింది.

"చూడాలని ఉంటుంది తమ్ముడూ. గోక్కోవాలని ఉన్నట్టు. గోక్కోను, అంతే." టీ నా ముందు పెట్టింది. "మొన్న మా వదినకి కుదరదని చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. చెప్పి, ఫోను పెట్టేసి, గ్లాసుడు నీళ్ళు తాగి కూర్చున్నాను. ఆకాశమేం ఊడిపడలేదు. వదిన మాత్రం మాట్లాడ్డం లేదు."

"మాస్టారు ఎలా ఉన్నారు?"

"ఇంటికొచ్చారట. ఒకసారి వెళ్ళాను, వాళ్ళమ్మాయి గుమ్మంలోనే వద్దంది. మళ్ళీ వెళ్ళలేదు. క్షమించమని అడగడం కూడా నా కోసమేగా. ఆ పిల్లకి ఇంకో పని పెట్టడం దేనికి?"

ఆయనకు పేర్లు పూర్తిగా తిరిగొచ్చాయో లేదో ఆవిడకు తెలియదు. తెలియకుండానే బతకాలి. ఆ మాట ఆవిడ అనలేదు. కానీ టీ గ్లాసు పట్టుకున్న తీరులో ఉంది.

తర్వాత గొంతు తగ్గించి ఇంకొకటి చెప్పింది. ఉద్యోగం పోయాక ఇంట్లో ఉన్న మొదటి రోజుల్లో, బట్టలు మడతపెడుతుంటే కూతురు పక్కకొచ్చి చెయ్యి చాపిందట, చొక్కా అందుకోవడానికి. మోచేతి కింద ఒక మచ్చ. కాలిన మచ్చ, మానిపోయి, చర్మం మెరుస్తోంది. ఎప్పుడో అయింది. రోజూ పరాయివాళ్ళ చేతులు పట్టుకుని నరాలు వెతికే మనిషి, సొంత కూతురి చేతిమీద అంత మచ్చ ఎన్నడూ చూడలేదు.

"ఇదెప్పుడే అన్నాను. నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు, కుక్కరు ఆవిరి కొట్టింది అంది. చెప్పలేదేం అన్నాను. అప్పుడేమందో తెలుసా? చెప్తే ముందు మందు రాసేదానివా, తిట్టేదానివా అంది."

"నువ్వేమన్నావక్కా?"

"ఏమనను? తిట్టేదాన్నే. ఎవడు తాకమన్నాడే దాన్ని అని మొదలెట్టేదాన్ని. నాకు భయమేస్తే నా నోట్లోంచి వచ్చేది అదే. నాకు ట్రే విసిరినాయన గొంతు." లోపలి గది వైపు చూసింది. "ఒక్కత్తే గుడ్డ కట్టుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని స్కూలుకి పోయింది. నా ఇంట్లో కూడా అదే తెర పెట్టాను తమ్ముడూ. అందరూ గ్రీన్‌లో ఉండాలి, అంతే. లోపల ఏమైనా కానీ."

లోపల అత్తగారు దగ్గి ఆగారు.

"నలభై దాటాక ఇప్పుడు పెద్దదాన్నవుతున్నా. పళ్ళు వచ్చేటప్పుడు పిల్లలు ఏడుస్తారే, అలా ఉంది." నవ్వింది. ఈసారి నేను నవ్వలేకపోయాను.

ఆవిడ ఇప్పుడు ఒక చిన్న క్లినిక్‌లో చేస్తోంది. తెర లేదు. డాక్టరుకి తొందర మాత్రం ఉంది. తొందర లేని చోటు ఎక్కడుంది అంది. నరం దొరక్కపోతే, మళ్ళీ గుచ్చాలి, ఆలస్యమవుతుంది అని పైకే చెప్తుందట. చెప్పిన ప్రతిసారీ భుజాలు లేస్తాయట. లేచినా చెప్తుందట. క్లినిక్ ఫోను మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది, హాస్పిటల్ నుంచేమోనని.

నా భయాలు రెండూ అప్పుడు చెప్పాను. నీళ్ళ వేడి, మందు చుక్కలు, మా ఆవిడకు ఏం చెప్పాలన్నది. ఏమీ కాదులే అని ఎవరైనా అనే మాట అంటుందనుకున్నాను.

"అవుతుంది" అంది మెరుపక్క. "ఏదో ఒకటి తప్పకుండా అవుతుంది. నువ్వెంత చదువుకున్నా అవుతుంది. నీ చేతుల్లో కావచ్చు, మీ ఆవిడ చేతుల్లో కావచ్చు. అప్పటికి మీ ఇంట్లో ఒక అలవాటు ఉండాలి. ఆ రోజు నేర్చుకుందామంటే కుదరదు, ఇప్పట్నుంచీ చెయ్యాలి." తర్వాత ఏం చెయ్యాలో చెప్పింది. నేను మర్చిపోతానేమోనని రెండోసారి కూడా చెప్పింది.

ఈ మధ్య ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుండగా లోపలి నుంచి పాప కేక వినపడింది. అది ఏడుపు కాదు, ఏడుపుకు ముందు ఊపిరి ఆగిపోయే కేక. గాలికి తలుపు కొట్టుకుని వేలు నలిగింది. మా ఆవిడ పాపను పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆవిడ భుజాలు పైకి లేచాయి. ఆ లేవడం నాకు తెలుసు. నా నాలుక చివరన ప్రశ్న సిద్ధంగా ఉంది: చూసుకోవద్దా? దాన్ని మింగడం ఎంత కష్టమో, గొంతులో ఎముక దిగినట్టు దిగింది. వేలు చూశాను. గోరు కింద నల్లబడుతోంది. చల్లటి నీళ్ళ కింద పట్టాను. కదిలించి చూశాను, వంగుతోంది. చిన్న గుడ్డ చుట్టాను. గుడ్డ చుట్టడం పూర్తయ్యాక మా ఆవిడ, నేనేమీ అడక్కుండానే, "తలుపుకి అడ్డం పెట్టడం నేనే మర్చిపోయాను" అంది.

గోరు ఊడుతుందేమో ఇంకా తెలియదు. రోజూ విప్పి చూస్తున్నాను. భయం తగ్గలేదు, తగ్గుతుందని మెరుపక్క చెప్పనూ లేదు. ఆవిడ చెప్పింది ఇంతే, ఇప్పుడు మా ఇంట్లో మేమిద్దరం చేస్తున్నదీ ఇంతే:

"ముందు దెబ్బ దగ్గరికి వెళ్ళు. కట్టు కట్టేదాకా ఎవరి తప్పని ఒక్కళ్ళూ అడక్కండి. నీదైతే, ఎవరూ అడక్కముందే నువ్వే చెప్పు. ఆ తర్వాత తిట్టుకుంటారో కొట్టుకుంటారో, మీ ఇష్టం."